ఎరిక్ డ్రైవర్ సమాధి దగ్గర

రాయి మీద కాలు పెట్టి బూటు లేసు కట్టుకుంటున్నాడు, దాని కింద ఓ మనిషి ఉన్నాడన్న సంగతి ఈ టోపీ పెద్దమనిషికి పట్టినట్టు లేదు, హిజ్లీ క్యాంపస్ నుంచి వచ్చిన ప్రొఫెసరట, మెడలో కెమెరా, చంకలో నీళ్ళ సీసా, ఆదివారం పొద్దున్న ఏడింటికి మంచులో దొరల సమాధులు చూడటానికి ఇలాంటివాళ్ళు పద్నాలుగు మంది తయారయ్యారు, ఇళ్ళలో పనులుండవు కాబోలు, శాలువాలు, మంకీ టోపీలు, ఒకావిడైతే ఫ్లాస్కులో టీ కూడా తెచ్చుకుంది, ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో పనికి వచ్చిపడ్డ మా తెలుగువాళ్ళు ఎప్పుడైనా ఈ గేటు దాటితే గొయ్యి తవ్వడానికో గడ్డి కొయ్యడానికో దాటారు, ఇప్పుడు నా కూతురు ఆ గేటు తాళం చేత్తో పట్టుకుని ఆషున్ ఆషున్ అని అందరినీ లోపలికి పిలుస్తోంది, మెడకి చిన్న మైకు తగిలించుకుంది, ఆదివారాలు ఇలా జనాన్ని తిప్పుతూ పాత కథలు చెప్తుంది, దాన్ని నడక అంటుంది, బడిలో ఎనిమిదో క్లాసు పిల్లలకి చరిత్ర చెప్పుకుంటే చాలదా ప్రియదర్శినికి, నన్ను చూసింది, చూడగానే మొహం వెలిగిపోయింది, అది నాకు మరీ మండింది, నాన్నా నువ్వొచ్చినావా, సెప్పుంటే స్కూటీ మీద తెచ్చీదాన్ని కదా అంది, నీ నడక కోసం రానేదు, గోల్ బజార్ ఎల్తా ఆగినాను అన్నాను, గోల్ బజార్‌కి ఇటు నుంచి దారి లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా నవ్వి ఊరుకుంది, వాళ్ళమ్మ పోయాక దానికి ఈ నవ్వొకటి అలవాటైంది, నేనెంత విసుక్కున్నా నాన్న మెత్తబడుతున్నాడు అనుకునే నవ్వు.

మెత్తబడలేదు, కాపలాకి వచ్చాను, గురువారం సాయంత్రం టీ గ్లాసు నా చేతిలో పెట్టి చెప్పింది, నాన్నా ఈ ఆదివారం ఎవులొస్తన్నారో తెలుసా, ఏబెల్ గారు, ఎరిక్ డ్రైవర్ కొడుకు, టాటానగర్‌లో ఉంతన్నారట, మా నడకల ఫోటోలు ఫోన్లో సూసి ఆయనే రాసినారు, తాతతో ఇంజనెక్కిన డ్రైవర్ గారి కొడుకు నాన్నా, యాభై ఏడేళ్ళకి రెండు ఇళ్ళవాళ్ళూ ఆ సమాధి కాడ కలుస్తారు, నువ్వు రావాల అంది, వాడికిక్కడేటి పని అన్నాను, వాడేటి నాన్నా, నీకన్నా పెద్దాయన అంది, మనింటి సంగతులు దారిన పోయేవాళ్ళకి సెప్పుకోవాలేటి అన్నాను, అంటే అది గరిట పక్కన పెట్టి నా ఎదురుగా కూచుంది, సిగ్గుపడే సంగతేటుంది, ఆ యాక్సిడెంటు దినం తాత డేంజరని అరిసినాడు, ఆ డ్రైవర్ గారు వినిపించుకోనేదు, ఎంక్వయిరీ రిపోర్టులోనే ఉన్నాది కదా అంది, ఉన్నాది, రిపోర్టులో ఉన్నాది, ఆ రిపోర్టు నకలు అదే ఎక్కడో పాత కాగితాల్లో సంపాదించి, మా నాన్న పేరున్న చోట పసుపురంగు గీత గీసి, అద్దం బిగించి గోడకి తగిలించింది, ఏడాది నుంచి ఆ గోడ వైపు చూడకుండా అన్నం తింటున్నాను.

నడక మొదలైంది, ముందు దాని గొంతు, వెనక ఎండుటాకుల మీద బూట్ల చప్పుడు, ఇదుగో ఈ పాప పద్దెనిమిది నెలలకే జ్వరంతో పోయింది, ఇదుగో ఈయన వర్క్‌షాపు కొత్తలో వచ్చిన ఫోర్‌మన్, ఇంగ్లీషులో చెప్తుంది, మధ్యలో బంగ్లా కలుపుతుంది, నవ్వించడానికి హిందీ, వాళ్ళు తలలూపుతారు, పసిపిల్ల చావు చెప్తే వంగి ఫోటో తీసుకుంటారు, మా క్వార్టర్ల వరసలో ఎంతమంది పసివాళ్ళు పోలేదు, నా వెనక పుట్టిన చెల్లి పోలేదా, దానికే రాయీ లేదు, ఏ ఆదివారమూ దాని కోసం ఎవడూ ఫ్లాస్కు పట్టుకు రాడు, చేతులు వెనక్కి కట్టుకుని చిట్టచివర నడుస్తూ వీళ్ళలో ఏబెల్ ఎవడా అని చూస్తున్నాను, వెతకక్కర్లేకుండానే తెలిసింది, పొడుగు మనిషి, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, చేతికర్ర, అందరూ నా కూతుర్ని చూస్తుంటే వాడొక్కడూ తూర్పు గోడ వైపు చూస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే వాడికి ఆ చోటు తెలుసు, ఏం కావాలి వీడికి, ఈ వయసులో టాటానగర్ నుంచి రైలెక్కి ఏం తేల్చుకుందామని వచ్చాడు, వీడి నాన్న బంగళాకి ఎర్రపూల కంచె ఉండేది, మేం అందులో చెయ్యి పెడితే వాళ్ళ నౌకరు మొక్కల గొట్టంతో నీళ్ళు కొట్టేవాడు, డిసెంబరు చలిలో తడిసిన లాగుతో ఇంటికి పోయి అమ్మ చేత దెబ్బలు తిన్నాను, వీడు వరండాలో నిలబడి బిస్కెట్ తింటూ చూసేవాడు, అప్పుడూ ఇలాగే, మాట్లాడకుండా, ఇస్త్రీ చొక్కాతో.

ఒక్కసారి మాత్రం వీడే మా ఇంటికి వచ్చాడు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, ఎరిక్ ఆంగ్లో ఇండియన్ అయినా పెళ్ళాం సూసన్న మా తెలుగు మనిషే, పలాస వైపు క్రైస్తవుల పిల్ల, అందుకని మా వరసలో ఆడవాళ్ళు ఆమెను దొరసాని అని వెటకారంగా పిలిచేవాళ్ళు, ఎంక్వయిరీ అయిపోయి, తప్పు డ్రైవర్‌దే అని తేలి, వాళ్ళు బంగళా ఖాళీ చేస్తున్న వారం, సామాను బండి రోడ్డు మీదే ఉంది, ఆమె నల్లచీర కట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది, అప్పలస్వామి గారున్నారా అంది, మా నాన్న తలుపు వెనకే ఉన్నాడు, గోడకి వీపు ఆనించి, నాకు అయిదేళ్ళు, నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, నేను గుమ్మంలోకి పోయి అయ్య ఇంట్లో నేడు అని అబద్ధమాడాను, ఆమె కదల్లేదు, ఒక్క మాట అడగాల బాబూ, ఎప్పుడొస్తారు అంది, తెల్దు అన్నాను, ఆ పిల్లవాడు నా పక్కనుంచి లోపలికి చూశాడు, తలుపు కింద సందులోంచి నాన్న కాళ్ళు కనిపించాయేమో, కనిపించే ఉంటాయి, వాడేం అనలేదు, కాసేపుండి వెళ్ళిపోయారు, తిట్టడానికొచ్చినాది దొరసాని అంది అమ్మ, మొగుడు పోనాడని వొచ్చి మనమీద పడతాదేటి అంది, నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఆ తర్వాత మా ఇంట్లో ఆ పేరు వినిపిస్తే చాలు అందరికీ కోపం వచ్చేది, పొగరు మనుషులు, దొరసాని వేషాలు, మనల్ని పురుగుల్లా చూసినోళ్ళు, నేనూ ఆ మాటలు తింటూ పెరిగాను, ఎరిక్ అంటే కోపం, బంగళాలంటే కోపం, వాళ్ళ క్లబ్బంటే, వాళ్ళ పియానో అంటే, ఈ గోడ లోపలున్న ఒక్కొక్క పాలరాతి శిలువ అంటే కోపం.

కోపం అలాగే ఉంది, కారణమే ఎనభై నాలుగులో జారిపోయింది, అప్పుడు నాకు ఇరవై ఒకటి, ఇంజన్ మీద పనికి దరఖాస్తు నింపి నాన్న దగ్గరకి తెచ్చాను సంతకానికి, ఆయన కాగితం చదివి నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు, వర్క్‌షాపుకి ఎట్టు, ఇంజన్ వొద్దు అన్నాడు, ఎందుకు వద్దని పట్టుపట్టాను, అరిచాను కూడా, నువ్వు భయపడి దూకినావని నాను దూకుతానేటి అనేశాను, ఆయన నులకమంచం తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు, నాను అరవనేదురా, సిగ్నలే సూడనేదు, మంచు, బొగ్గేసీ రెండో ఫైర్‌మన్ ఆ దినం డ్యూటీకి రానేదు, బొగ్గంతా నానే ఎయ్యాల, ఆ ఒంపు కాడ సిగ్నలు నా పక్కనుంచే అవుపడతాది, డ్రైవరుకి అవుపడదు, ఎరిక్ సారు సిగ్నలేటని అడిగినాడు, నాను పార కింద పెట్టకండానే క్లియర్ సార్ అనీసినాను, తల బయటెట్టి సూడాలంటే మొకం గడ్డ కట్టీ చలి, రోజూ క్లియరే ఉంటాది కదా అనుకున్నాను, ఎదర గూడ్సు నిలబడున్నాది, ఎనకపెట్టె ఎర్రదీపం మంచులో అవుపడీసరికి నాను దూకీసినాను, ఆయన బ్రేకు కాడే ఉండిపోనాడు, ఆస్పత్రిలో ఆపీసర్లు అడిగినారు, డేంజరని అరిసినాను, ఆయన వినిపించుకోనేదని సెప్పీసినాను, ఒకసారి సెప్పినాక మరింక మార్సడానికి దారి నేదు, మీరు సిన్నపిల్లలు, ఉజ్జోగం పోతే ఏటి తింతారు, అని తాడు లాగి ముడి వేశాడు, మర్నాడు వర్క్‌షాపు దరఖాస్తు తెచ్చాను, ముప్పై తొమ్మిదేళ్ళు ఫిట్టర్‌గా చేశాను, పెళ్ళాంతో చెప్పలేదు, కూతురితో చెప్పలేదు, నాన్న పోయి పాతికేళ్ళు దాటింది, నేను కూడా పోతే ఇంక ఎవరికీ తెలియదు, అదీ నా లెక్క, ఆ లెక్కలో ఈ తెల్లచొక్కా లేదు.

తూర్పు గోడ దగ్గర ఆగారు, చిన్న రాయి, పాలరాయి కూడా కాదు, సిమెంటు మీద చెక్కిన అక్షరాలు, ఎరిక్, డ్రైవర్, పంతొమ్మిది వందల అరవై ఎనిమిది డిసెంబరు, ముప్పై ఆరేళ్ళు, ముప్పై ఆరంటే కుర్రాడే అనుకున్నాను, అలా అనుకున్నందుకు నామీద నాకే చిరాకేసింది, ప్రియదర్శిని గొంతు సవరించుకుంది, ఇది నాకు దగ్గరి కథ అంది ఇంగ్లీషులో, ఆ తెల్లవారి మంచు సంగతి చెప్పింది, గూడ్సు సంగతి చెప్పింది, ఫైర్‌మన్ తన ధర్మం తను చేశాడు, ప్రమాదం అని అరిచాడు, ఇంజన్ హోరులో డ్రైవర్‌కి వినపడలేదు, ఆ ఫైర్‌మన్ మా తాత అంది, దానికి తాతంటే ప్రాణం, పుట్టేనాటికే ఆయనకి చూపు సన్నగిల్లింది, ఒళ్ళో కూచోబెట్టుకుని చేత్తో దాని మొహం తడిమేవాడు, అంటే తప్పు డ్రైవర్‌దేనన్నమాట అన్నాడు టోపీ ప్రొఫెసర్, ఎంత తేలిగ్గా అన్నాడు, పక్కనే కొడుకు నిలబడి ఉండగా, ప్రొఫెసరుకి తెలియదు కదా అనుకున్నాను, నాకు తెలిసీ ఊరుకున్నాను కదా అని కూడా అనుకున్నాను, అది ఏబెల్ గారూ అని పిలిచింది, నాన్నా ఇలా రా అని నన్నూ పిలిచింది, అందరూ తిరిగి చూశారు, ఫోన్లు పైకి లేచాయి, ఫోటోకి, చేతులు కలిపిస్తుంది కాబోలు, అంత తిక్క రేగింది నాకు, ఆ మైకు పీకి గోడ అవతల పారేయాలనిపించింది, వాణ్ణి అడగాలనిపించింది, ఏరా, తలుపు కింద కాళ్ళు చూసినవాడివి అప్పుడే అరవొచ్చు కదా, ఇప్పుడు కర్ర పట్టుకుని వచ్చావేం అని, రమ్మను, తిట్టమను, ఏదో ఒకటి అననీ, తయారుగా ఉన్నాను.

వాడు చెయ్యి చాపలేదు, కర్ర రెండు చేతులతో పట్టుకుని నన్ను చూశాడు, మీరు జగ్గారావు గారు కదా, గుమ్మంలోకొచ్చి అయ్య నేడని సెప్పింది మీరే అన్నాడు, మా యాసలోనే, అచ్చం మా యాసలో, తల్లి నేర్పిన తెలుగు, అవునన్నాను, అయితే ఏటి అన్నాను, మా యమ్మ ఆ దినం గొడవకి రానేదండి అన్నాడు, మావు ఊరొదిలి ఎల్లిపోతన్నాము, మా నాయిన ఆకరికి ఏటన్నాడో మీ నాన్నగార్ని అడిగి తెలుసుకుందామని ఒచ్చినాది, అంతే, ఆ బండి మీద ఉన్నది ఆయనొక్కడే కదా, ఇంకెవుల్ని అడుగుతాది అన్నాడు, వాడు చెప్తూనే ఉన్నాడు, మా నాయినకో అలవాటు ఉండీదండి, ఎవులు ఏటి కేకేసినా ఆ మాట తిరిగి అనీవోడు, డ్రైవర్లకది డ్యూటీ కదా, ఇంట్లో కూడా అంతే, అన్నమైనాది అని అమ్మ అంటే అన్నమైనాది అనీవోడు, మావు నవ్వీవోళ్ళం, అందుకని అమ్మ అనుకునీది, మీ నాన్నగారు డేంజరని అరిసుంటే మా నాయిన డేంజరని తిరిగి అనుండాల, ఆ పైన నా పేరేదేనా పిలిసినాడేమో, దేవుణ్ణి తల్సుకున్నాడేమో, ఆసుపత్రిలో ఆయాగా పని సేసి నన్ను సదివించినాది, పదకొండేళ్ళ కిందట పోనాది, ఆకరి దాకా అదే ఇసారం, మీకేటైనా సెప్పినారా మీ నాన్నగారు, తెలిస్తే సెప్పండి, నాను ఇంక దేనికీ రానేదు అన్నాడు.

నాన్న చెప్పాడు ఆ రోజు, నులకతాడు చుట్టుకున్న వేళ్ళతో, నాను క్లియర్ సార్ అన్నాను, ఆయన క్లియర్ అని తిరిగి అన్నాడురా, నవ్వుతా అన్నాడు, ఇంటికెల్లి టీ తాగుదాం అప్పలసామీ అన్నట్టుంది ఆ నవ్వు, ఆ ముక్కని ఇన్నేళ్ళూ నేను నాక్కూడా చెప్పుకోలేదు, అరవలేదన్నంత వరకే గుర్తు పెట్టుకుని మిగిలింది తోసేశాను, తెల్దండి అంటే సరిపోతుంది, అయిదేళ్ళప్పుడు అన్నదే, నాలుక మీదకి వచ్చింది కూడా, నా కూతురు నన్నే చూస్తోంది, నాన్న ఏదో మంచి మాట చెప్తాడని, తాత గురించి ఇంకో ముక్క దొరుకుతుందని ఎదురుచూస్తోంది, ఆ చూపు చూసి ఒళ్ళు మండింది, వాణ్ణి చూసి మండింది, ఆ మంటలోనే అనేశాను, మా నాన్న అరవనేదండి, సిగ్నలు సూడకండానే క్లియర్ అన్నాడు, మీ నాయిన నవ్వుతా క్లియర్ అని తిరిగన్నాడు, అదే ఆకరి మాట, అబద్ధం సెప్పింది మా నాన్న, మీ నాయిన తప్పు నేదు, అని, తిట్టినట్టే అన్నాను, గొంతు అంత పెద్దదిగా ఉందని మైకులోంచి నా మాటే నాకు వినిపించాక తెలిసింది.

తెలుగు రాని మిగతావాళ్ళంతా మా మొహాలు చూస్తున్నారు, ప్రియదర్శిని మైకు నొక్కి ఆపింది, నీకెప్పట్నుంచి తెలుసు అంది, ఎనభై నాలుగు అన్నాను, అది పెదాలు కదిపి లెక్కపెట్టుకుంది, నాను పుట్టకముందు అంది, ఆ రిపోర్టు గోడకి కడతంటే సూస్తా ఊరుకున్నావా అంది, ఏబెల్ సమాధి గట్టు మీద కూచున్నాడు, మెల్లగా, మోకాలు పట్టుకుని, కొట్టడానికి లేస్తాడనుకున్నాను, లేస్తే బాగుండనుకున్నాను, వాడు నా వైపు కూడా చూడకుండా, అయితే బయపడనేదు, నవ్వుతా ఉన్నాడన్నమాట అన్నాడు, నవ్వుతానే అన్నాడా అని మళ్ళీ అడిగాడు, అవునండి, నవ్వుతానే అన్నాడు అన్నాను, నవ్వు సంగతి పైకి ఎప్పుడు అన్నానో నాకే తెలియలేదు, అమ్మకి సెప్పుంటే బాగున్ను అన్నాడు, అంతే, తర్వాత నా కూతురి వైపు తిరిగి, ఈళ్ళకి మళ్ళీ సెప్పమ్మా, ఈపాలి సరిగ్గా సెప్పు అన్నాడు, అది తల అడ్డంగా ఊపింది, మైకు తీసి నా చేతిలో పెట్టింది, నువ్వే సెప్పు నాన్నా అంది, మొహంలో ఆ నవ్వు లేదు.

చెప్పాను, వర్క్‌షాపు హిందీలో, తడబడుతూ, బంగ్లా మాట దొరక్కపోతే చేత్తో చూపిస్తూ, సిగ్నల్ ఎటుందో, పార ఎటుందో, ఎవడు అడిగాడో ఎవడు అన్నాడో, టోపీ ప్రొఫెసర్ ఏదో రాసుకుంటున్నాడు, రాసుకోనీ, ఫ్లాస్కావిడ ముక్కు తుడుచుకుంది, నాకు వాళ్ళమీద ఇష్టమేం కలగలేదు, అయిపోయాక ఏబెల్ లేచాడు, క్షమించానని అనలేదు, నేను అడగలేదు, ప్రియదర్శిని అతని మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ తీసుకుపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు, వాళ్ళ వెనకే అందరూ పోయారు, రేపట్నుంచి ఇంట్లో అది నాతో ఎన్నాళ్ళు మాట్లాడదో, మాట్లాడినా ఏ గొంతుతో మాట్లాడుతుందో తెలియదు, అక్కడే నిలబడి కోపం కోసం వెతుక్కున్నాను, ఎప్పుడూ ఉండేదే కదా, ఎరిక్ అని తలుచుకుంటే చాలు వచ్చేది, ఎరిక్ అని పైకే అన్నాను, రాలేదు, సూసన్న అన్నాను, రాలేదు, ఆ మనుషులు మమ్మల్ని ఏం చేశారని ఇప్పుడు మొదటిసారి సరిగ్గా అడుక్కున్నాను, నౌకరు చేత నీళ్ళు కొట్టించారేమో, అది కూడా వాళ్ళకి తెలిసి జరిగిందో లేదో, అంతకుమించి ఏమీ లేదు, మాకెవరూ అపకారం చెయ్యలేదు, చేసిందంతా మేమే, చేసినవాళ్ళకి నిద్ర పట్టాలంటే అవతలివాడు చెడ్డవాడై ఉండాలి, అందుకని ఒక మంచి మనిషిని యాభై ఏడేళ్ళు కష్టపడి ద్వేషించాం.